అట్ట లేని చందమామలు: పాత పత్రికలు, కామిక్సు సేకరించేవాళ్ళ సంతోషాలూ చిక్కులూ

ఆదివారం ఉదయం హైదరాబాద్ అబిడ్స్‌లో పెద్ద దుకాణాల షట్టర్లు దించి ఉంటాయి. వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. కొన్నేళ్ళ కిందట అక్కడ ఎంట్రెన్స్ పరీక్షల గైడ్ల గుట్ట కింద నాకొక కాలికో (గుడ్డ అట్ట) బైండు దొరికింది. పైన ఏమీ రాసి లేదు. తెరిచి చూస్తే చందమామలు, 1962 జనవరి నుంచి డిసెంబరు దాకా. పన్నెండు నెలలూ వరసగా ఉన్నాయి! బేరమాడే ఓపిక కూడా లేకపోయింది. అడిగినంతా ఇచ్చి సంచీలో పెట్టుకుని ఇంటికొచ్చాను.

తీరిగ్గా పేజీలు తిప్పితే అప్పుడు తెలిసింది, ఒక్క సంచికకీ అట్ట లేదు. బైండు లావెక్కకుండా ఉండాలని పన్నెండు అట్టలూ తీసేశారు. అంచులు సమంగా రావాలని మూడు వైపులా కత్తిరించారు. కొన్ని పేజీల్లో బొమ్మ చివర్లు, ఒకచోట పేజీ నంబరు కూడా ఆ కత్తికి పోయాయి. ఆ పూట నాకు చాలా బాధ వేసింది. మర్నాడు మళ్ళీ తెరిచి మొదటి కథ నుంచి చదవడం మొదలుపెట్టాక ఆ బాధ ఎటుపోయిందో తెలియలేదు.

ఆ బైండు విలువెంత అని అడిగినవాళ్ళు చాలామంది ఉన్నారు. చదువుకోవడానికైతే అది నిండుగా ఉంది. ఒక కాలపు అచ్చు వస్తువుగా చూస్తే అందులో పన్నెండు ముఖచిత్రాలు లేవు. అమ్ముదామంటే, కొనే మనిషి ఎదురుపడిన రోజున వాళ్ళిచ్చేదే దాని ధర. ఇవి మూడు వేరు వేరు విలువలు. చదువుకోవడానికి కొన్నదానికి వస్తువు ధర పెట్టడం, వస్తువుగా దాచుకోవాల్సినదాన్ని పెట్టుబడి అనుకోవడం, ఇలా ఒకదాన్ని ఇంకోదానితో కలిపేసుకోవడం దగ్గరే సేకరణలో వచ్చే చిక్కులు దాదాపు అన్నీ మొదలవుతాయి. ఇరవై ఏళ్ళ అనుభవంలో నాకు అర్థమైంది ఇదే. మిగతా వివరాలన్నీ దీని చుట్టూ తిరిగేవే.

పాతదైతే చాలా?

పాత కామిక్స్ అనగానే అందరికీ గుర్తొచ్చేవి అమెరికా వేలం వార్తలు. 1938 జూన్ తేదీతో వచ్చిన యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక, సూపర్‌మ్యాన్ మొదటిసారి కనిపించినది, అప్పట్లో పది సెంట్లు. 2024 ఏప్రిల్‌లో దాని ప్రతి ఒకటి వేలంలో 60 లక్షల డాలర్లకు పోయింది. ఈ వార్త చదివి అటక ఎక్కినవాళ్ళు మన ఊళ్ళలోనూ ఉన్నారు. కానీ ఆ ధర వయసుకు వచ్చింది కాదు. ఆ సంచిక దాదాపు రెండు లక్షల ప్రతులు అచ్చయితే ఇప్పుడు మిగిలినవి వంద దాకా ఉంటాయని అంచనా. పిల్లలు చదివి పారేశారు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో ప్రభుత్వం పాత కాగితం పోగుచెయ్యమంటే కామిక్సూ గుట్టలుగా వెళ్ళిపోయాయి. అంటే ఒకప్పుడు ఎవరూ విలువైనదని అనుకోలేదు కాబట్టే అది ఇవాళ విలువైనదైంది.

ఇది తిరగేసి చూస్తే ఏమవుతుందో 1990ల్లో అదే దేశంలో కనిపించింది. పాత కామిక్స్ ధరలు చూసి జనం కొత్తవాటిని పెట్టుబడిగా కొనడం మొదలుపెట్టారు. కంపెనీలు ఒకే కథకు నాలుగైదు రకాల అట్టలు వేశాయి. 1991లో వచ్చిన ఎక్స్‌మెన్ మొదటి సంచిక ప్రతులు 80 లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. కొన్నవాళ్ళలో చాలామంది వాటిని పెట్టుబడిగా దాచారు. అందరూ దాచింది అరుదెలా అవుతుంది? కొద్ది ఏళ్ళలోనే మార్కెట్ కూలింది, కామిక్స్ షాపులు వేలాదిగా మూతపడ్డాయి, 1996 డిసెంబరులో మార్వెల్ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. ఆ 1991 సంచిక ఇవాళ్టికీ చవగ్గానే దొరుకుతుంది. "లిమిటెడ్ ఎడిషన్", "కలెక్టర్స్ ఎడిషన్" అని అచ్చేసి అమ్మే ఏ వస్తువును చూసినా నాకు ఈ కథ గుర్తొస్తుంది.

మన దగ్గర చందమామ సంగతికొస్తే, 1947 జులైలో మద్రాసు నుంచి బి. నాగిరెడ్డి, చక్రపాణి తెలుగులోనూ తమిళంలోనూ ఒకేసారి మొదలుపెట్టారు. తమిళానికి అంబులిమామ అని పేరు. తర్వాత కన్నడం, హిందీ, ఇంకా చాలా భాషల్లోకి వెళ్ళింది. 1998లో కొంతకాలం ఆగి మళ్ళీ వచ్చింది. 2007లో ముంబై సాఫ్ట్‌వేర్ కంపెనీ ఒకటి కొన్నది. 2013 నాటికి పూర్తిగా ఆగిపోయింది. తెలుగువి మాత్రమే లెక్కేసినా ఏడువందలకు పైగా సంచికలు. వీటిలో 1970లు, 80ల నాటివి ఇప్పటికీ బాగానే దొరుకుతాయి, ఎందుకంటే అప్పటికి పత్రిక ఇంటింటికీ చేరింది. అవి అరుదు అని ఎవరైనా వేలకు వేలు చెబితే ఆగి ఆలోచించాలి. 1947 నుంచి 1955 దాకా వచ్చినవి మాత్రం నిజంగా కష్టం. వాటిలోనూ అట్టతో సహా ఉన్నవి ఇంకా కష్టం.

అట్టల సంగతి

మన ఇళ్ళలో పత్రిక బతికిన తీరు వేరు. ఒక సంచిక కొంటే ఇంట్లో అందరూ చదివేవారు, తర్వాత పక్కింటికి వెళ్ళేది, వేసవి సెలవుల్లో అమ్మమ్మగారి ఊరికి ప్రయాణం చేసేది. తిరిగొచ్చిన వాటిని ఏడాదికోసారి బైండు చేయించేవారు. వారపత్రికల సంగతి ఇంకోలా ఉండేది. సీరియల్ పేజీలు మాత్రం చింపి, వరసగా పేర్చి, దారంతో కుట్టి దాచుకునేవారు. ఆంధ్రప్రభ, ఆంధ్రపత్రిక వారపత్రికల్లో వచ్చిన ఎన్నో నవలలు ఇలా ఇంటి కుట్టు పుస్తకాలుగానే మిగిలాయి. బొమ్మలతో సహా, మధ్యలో సబ్బుల ప్రకటనలతో సహా.

అమెరికాలో పాత కామిక్‌ను పది పాయింట్ల స్కేలు మీద కొలుస్తారు. 2000లో మొదలైన సీజీసీ లాంటి సంస్థలు పుస్తకాన్ని పరీక్షించి, మార్కు వేసి, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి మూసేస్తాయి. ఆ డబ్బా విప్పితే మార్కు చెల్లదు. అంటే ఆ పుస్తకం ఇక చదివేది కాదు. ఈ పద్ధతి చూసి వచ్చినవాళ్ళు మన పత్రికలనూ అదే కొలతతో కొలుస్తున్నారు. విదేశాల్లో ఉంటున్న మనవాళ్ళు కొందరు "మింట్ కండిషన్ చందమామ కావాలి" అని అడుగుతుంటారు. 1950ల చందమామ అచ్చులోంచి ఇప్పుడే వచ్చినట్టు ఉండాలంటే దాన్ని ఎవరూ చదవకుండా ఉండాలి. అలాంటివి ఉండవని కాదు, నేను చూసినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందుకే మన పత్రికలకు నేను వేరే క్రమంలో చూస్తాను. ముందు పేజీలన్నీ ఉన్నాయా, తర్వాత అట్ట ఉందా, అంచులు కత్తిరించకుండా ఉన్నాయా, ఆ తర్వాతే మరకలూ మడతలూ. మధ్య పేజీల్లో ఒక్క ఆకు లేకపోవడం కన్నా అట్ట మీద కాఫీ మరక ఉండటం ఎంతో నయం.

అట్ట ఎందుకంత ముఖ్యమో ఒక్కసారి చూసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఎం.టి.వి. ఆచార్య వేసిన మహాభారతం ముఖచిత్రాలు, వడ్డాది పాపయ్య 'వపా' నీటిరంగులు లోపలి పేజీల్లో ఉండవు. చిత్ర, శంకర్ అనే చిత్రకారులు లోపల వేసిన బొమ్మలు బైండుల్లో భద్రంగా మిగిలాయి. అట్టల మీదివి బైండరు బల్ల కింద చెత్తలోకి పోయాయి. అందుకే విడి అట్టలు విడిగానే చేతులు మారుతుంటాయి. ఇక్కడో చిక్కుంది. చందమామ అన్ని భాషలకూ బొమ్మలు ఒకటే. అట్ట లేని తెలుగు సంచికకు వేరే భాష అట్ట అతికించి, పేరున్న చోట ఏదో కప్పి అమ్మినవి చూశాను. వేరే సంవత్సరం అట్ట కుట్టినవీ చూశాను. అట్ట మీద నెలా సంవత్సరం లోపలి విషయసూచిక పేజీతో సరిపోయాయా లేదా అన్నది కొనేముందు చూడటానికి నిమిషం కూడా పట్టదు. కొన్న ఉత్సాహంలో ఆ నిమిషమే మర్చిపోతాం.

ఎప్పటిదో చెప్పేది తారీఖు ఒక్కటే కాదు

అట్టా సూచికా రెండూ పోయిన విడి పేజీలు చేతికొస్తే అది ఏ కాలానిదో తేల్చడం ఈ వ్యసనంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని. ఆధారాలు మనం చూడని చోట ఉంటాయి.

ధర చూడండి. 1957 ఏప్రిల్ 1న దేశంలో దశాంశ నాణేలు వచ్చాయి. ధర అణాల్లో మాత్రమే ఉంటే అది అంతకుముందుది. నయా పైసలని ఉంటే 1957కీ 1964కీ మధ్యది, ఎందుకంటే 1964 జూన్ నుంచి 'నయా' అన్న మాట తీసేశారు. ఆ తర్వాతివన్నీ ఉత్త పైసలే. చిరునామా చూడండి. చందమామ వడపళని చిరునామా 'మద్రాసు-26' అని ఉంటే ఒక కాలం, 600026 అని ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతి కాలం. మద్రాసు పోయి చెన్నై వచ్చిందంటే 1996 తర్వాతది. ప్రకటనల్లో కర్నూలును రాజధానిగా చెబుతుంటే 1953 అక్టోబరుకీ 1956 నవంబరుకీ మధ్య మూడేళ్ళే. ఈ చిన్న చిన్న గుర్తులతో ఒక చినిగిన కాగితాన్ని రెండు మూడేళ్ళ తేడాలోకి తేవచ్చు. ఆ పూట కలిగే తృప్తి ఏ వేలం ధరా ఇవ్వదు.

ఇంకో రకం పని ఉంది, ఇది తృప్తితో ఆగేది కాదు. కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా చందమామ సంపాదక బాధ్యతలు చూశారు, కానీ పత్రిక మీద సంపాదకుడిగా ఆయన పేరు ఉండేది కాదు. తోకచుక్క, మకరదేవత, రాకాసిలోయ, పాతాళదుర్గం లాంటి సీరియల్స్ రాసిన దాసరి సుబ్రహ్మణ్యం పేరు కూడా సీరియల్ కింద అచ్చయ్యేది కాదు. ఒక తరం పిల్లలు ఆ కథలు చదివి నిద్ర మానుకున్నారు, రాసింది ఎవరో తెలియకుండానే పెద్దవాళ్ళయ్యారు. తర్వాత అభిమానులు, పరిశోధకులు, పాత సంచికలు దాచుకున్నవాళ్ళు కలిస్తేనే ఆ పేర్లు చాలామందికి తెలిశాయి. ఎక్కడో ఒక ఇంట్లో అటక మీద పన్నెండు నెలల బైండు ఉండబట్టి ఒక రచయితకు దక్కాల్సిన పేరు దక్కింది. సేకరణ వల్ల ఏం లాభం అని ఎవరైనా అడిగితే నేను ముందు చెప్పేది ఇదే.

పునర్ముద్రణలు, నకళ్ళు

అమర్‌చిత్రకథలు కొనేవాళ్ళు ఎక్కువగా తడబడేది నంబర్ల దగ్గర. 1967లో అనంత్ పాయ్ మొదలుపెట్టిన ఈ పుస్తకాల్లో మన పురాణాల వరస 'కృష్ణ'తో ప్రారంభమైంది. దాని నంబరు 1 కాదు, 11. ముందటి పది పాశ్చాత్య కథలు. అందుకని 1 నుంచి 10 దాకా ఉన్న మన పురాణాల పుస్తకాల కోసం వెతికితే ఎప్పటికీ దొరకవు. తర్వాత కొత్త వరసలో అదే 'కృష్ణ' 501 అయ్యింది. ఒకే కథ ఎన్నోసార్లు అచ్చయింది కనుక కథ పాతదైనంత మాత్రాన చేతిలోని ప్రతి పాతది కాదు. ధర, చిరునామా, వెనక అట్ట మీది జాబితా చూడాలి. వెనక జాబితాలో ఆ పుస్తకం తర్వాత వచ్చిన పేర్లుంటే అది మలి ముద్రణే. 1970ల మొదటి ముద్రణ అని చెప్పి 80ల ప్రతి అమ్మడం మోసమే కావక్కర్లేదు, చాలాసార్లు అమ్మేవాళ్ళకే తెలియదు.

ఇంద్రజాల్ కామిక్స్‌కు ఈ బాధ తక్కువ. టైమ్స్ సంస్థ 1964 మార్చిలో ఫాంటమ్ కథతో మొదలుపెట్టి 1990 దాకా ఎనిమిది వందల పైచిలుకు సంచికలు తెచ్చింది. 1976 నుంచి ఆబిద్ సుర్తి సృష్టించిన బహదూర్ అనే హీరో కూడా వచ్చాడు. ఎక్కువగా ఒక్కసారి అచ్చయినవే కాబట్టి పూర్తి వరస కూర్చడం ఒక లక్ష్యంగా పెట్టుకునే వీలుంది. కానీ ఇక్కడా 123, 124 సంచికలు అసలు రానేలేదు. ఈ సంగతి తెలియనివాళ్ళకు లేని సంచికను అంటగట్టడానికి ప్రయత్నించినవాళ్ళున్నారు.

అసలైన నకిలీల సంగతి చెప్పాలి. నాకు ఒకసారి కొరియర్‌లో ఒక తొలినాళ్ళ పత్రిక అట్ట వచ్చింది. ఫొటోలో అద్భుతంగా ఉంది. చేతిలోకి తీసుకోగానే బరువు తేడాగా తోచింది. భూతద్దం పెట్టి చూస్తే తెలిసింది, అది కలర్ జిరాక్స్, టీ నీళ్ళలో ముంచి ఆరబెట్టినది. డబ్బు వెనక్కి రాలేదు. అప్పట్నుంచి పదింతలు పెద్దది చేసి చూపించే చిన్న భూతద్దం జేబులో ఉంటుంది. ఆఫ్‌సెట్‌లో అచ్చైన రంగు బొమ్మలో చుక్కలు పువ్వు రేకుల్లా ఒక పద్ధతిలో ఉంటాయి. స్కాన్ చేసి మళ్ళీ అచ్చేస్తే ఆ చుక్కల మీద ఇంకో చుక్కల వరస పడి గళ్ళ చీర మీద వల కప్పినట్టు అలలు కనిపిస్తాయి. ఇంక్‌జెట్ అయితే పద్ధతి లేని తుంపర. పాత సీసపు అక్షరాల అచ్చయితే పేజీ వెనక వేలితో తడిమితే అక్షరాల ఒత్తిడి తగులుతుంది. టీ మరక కాగితం అంతా ఒకే రంగులో ఉంటుంది. నిజంగా పాతబడిన కాగితం అంచుల్లో ముదురుగా, లోపలికి వెళ్ళేకొద్దీ లేతగా ఉంటుంది, గాలి ముందు తగిలేది అంచులకే కనుక.

సినిమా వస్తువుల దగ్గర ఈ భూతద్దం ఇంకా అవసరం. పాటల పుస్తకాలు, వాల్ పోస్టర్లు, స్టిల్స్ మనవాళ్ళు ఎంతో ప్రేమగా సేకరిస్తారు. చందమామ పెట్టిన ఆ ఇద్దరే విజయా సంస్థ పేరిట పాతాళభైరవి (1951), మాయాబజార్ (1957) తీశారు కాబట్టి పత్రిక సేకరించేవాళ్ళు సహజంగానే అటు కూడా మళ్ళుతారు. హాలు ముందు అమ్మిన పాటల పుస్తకానికి నకలు చేసే ఓపిక సాధారణంగా ఎవరికీ ఉండదు, అందుకే కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు నేను అవే చూడమంటాను. పెద్ద సినిమాల పోస్టర్ల సంగతి అలా కాదు. కొత్త కాగితం మీద డిజిటల్‌గా అచ్చేసి అలంకారం కోసం అమ్ముతారు. అలంకారం అనే చెప్పి అమ్మితే తప్పేమీ లేదు. పాతది అని చెప్పి అమ్మితేనే గొడవ. అప్పటి పోస్టర్లు మడిచి పంపేవారు, ఆ మడతల్లో రంగు రాలి ఉంటుంది. మడత అచ్చైన బొమ్మలా కనిపిస్తూ వేలికి నున్నగా తగిలితే దాన్ని వదిలెయ్యండి.

మన వాతావరణం

న్యూస్‌ప్రింట్‌లో చెక్కను రుబ్బి చేసిన గుజ్జు ఉంటుంది. ఆ చెక్కలోని లిగ్నిన్ అనే పదార్థం వెలుతురూ గాలీ తగిలేకొద్దీ పసుపురంగుకు తిరుగుతుంది. కాగితంలో ఆమ్లం పెరిగి నార పోగులను తెంచుతుంది, చివరకు పేజీ మడిస్తే విరిగిపోతుంది. దీన్ని పూర్తిగా ఆపలేం, నెమ్మది చెయ్యగలం. వేడీ తేమా ఎంత ఎక్కువైతే అంత త్వరగా జరుగుతుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి చోట్ల ఏడాదిలో చాలా రోజులు గాల్లో తేమ డెబ్బై శాతం దాటుతుంది. అరవై అయిదు దాటితేనే బూజుకు అనుకూలం. తెలంగాణలో, రాయలసీమలో తేమ తక్కువే, కానీ వేసవిలో అటక మీద వేడి భరించలేనంత ఉంటుంది. అటక పుస్తకాలకు చోటు కాదు. గోడకు ఆనించిన బీరువా కూడా కాదు, వానాకాలం గోడ చెమ్మ అందులోకి దిగుతుంది. బీరువాను గోడకు జానెడు దూరం జరపడం, నేల మీంచి అరడుగు ఎత్తులో పెట్టడం, ఇవి ఖర్చు లేని పనులు. చెదలు ఎక్కువగా నేల నుంచీ గోడ నుంచీ వస్తాయి కాబట్టి వాటికీ ఇదే మందు.

ప్రేమతో చేసే నష్టాలు ఇంకా ఎక్కువ. సెల్లోటేపు అందులో మొదటిది. చిరుగు మీద ఇవాళ వేస్తే పదేళ్ళలో జిగురు కాగితంలోకి ఇంకి గోధుమరంగు పట్టీ మిగులుతుంది, అది తియ్యడం నిపుణులకే కష్టం. లామినేషన్ చేయిస్తే ఇక వెనక్కి తీసుకోలేం. పాత బైండర్లు పురుగు పట్టకుండా మైదా జిగురులో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కలిపేవారు. పురుగును ఆపడానికి అది పనికొచ్చిందేమో గానీ రాగి లవణం కాగితం క్షీణతను వేగం చేస్తుంది. మందపాటి మెత్తని ప్లాస్టిక్ ఫైల్ కవర్లు ఎక్కువగా పీవీసీ, అవి కొన్నాళ్ళకు జిగటగా మారి ఇంకును పట్టేస్తాయి. పాలిప్రొపిలీన్ కవర్లు మంచివి, పాలియెస్టర్ అయితే ఇంకా మంచివి, వెనక ఆమ్లం లేని అట్టముక్క. నాఫ్తలీన్ ఉండల వాసన మనుషులకు మంచిది కాదు, పుస్తకాన్ని వదలదు కూడా. వేపాకు పెట్టేవాళ్ళుంటే ఎండినదే పెట్టాలి. పచ్చి ఆకు తేమను మోసుకొస్తుంది.

పురుగు కనిపిస్తే నేను చేసేది ఇది. పుస్తకాన్ని జిప్ కవర్లో గాలి తీసి మూసి, దానిపైన ఇంకో కవరు వేసి, డీప్ ఫ్రిజ్‌లో పదిహేను రోజులు ఉంచుతాను. బయటికి తీశాక ఒక రోజంతా కవరు విప్పను. వెంటనే విప్పితే చల్లని కాగితం మీద నీళ్ళు పట్టేస్తాయి. ఇంట్లోవాళ్ళ అనుమతి ముందే తీసుకోవడం మంచిది. ఇక తుప్పు పట్టిన పిన్నులు. లాగి తియ్యకూడదు, వెనక నుంచి కాళ్ళు మెల్లగా నిలబెట్టి బయటకు జార్చాలి, ఆ రంధ్రాల్లోంచే నూలుదారంతో కుట్టాలి. బైండులో ఉన్న సంచికలను మాత్రం విప్పొద్దు. విప్పినప్పుడు పేజీలు ఊడతాయి, కత్తిరించిన అంచులు తిరిగి రావు. ఆ కుట్టు వల్లే అవి ఇన్నాళ్ళు ఉన్నాయి.

స్కాన్‌లు వచ్చాక

పాత చందమామలు దాదాపు అన్నీ ఎవరో ఒకరు స్కాన్ చేశారు. దీంతో సేకరణకు కాలం చెల్లిందని కొందరన్నారు. నేననుకునేది వేరు. చదవాలనే ఆకలి స్కాన్‌తో తీరుతుంది, తీరాలి కూడా. డాలస్‌లో పుట్టిన పిల్లకు వాళ్ళ తాత చదివిన బేతాళ కథ ఫోన్‌లో చూపించగలగడం చిన్న విషయం కాదు. ఆ ఆకలి తీరాక కూడా కాగితం మీద ఇష్టం మిగిలితే అప్పుడు కొనాలి. అలా కొన్నవాళ్ళు తొందరపడరు, ఎక్కువ ధర పెట్టరు. అయితే ఒక మాట. సంచిక మన సొంతమైనంత మాత్రాన అందులోని కథల హక్కులు మన సొంతం కావు. మన చట్టం ప్రకారం రచయిత మరణించాక అరవై ఏళ్ళ దాకా కాపీరైట్ ఉంటుంది. కుటుంబరావు చనిపోయింది 1980లో. పీడీఎఫ్‌లు పెన్‌డ్రైవ్‌లో వేసి అమ్మడం, బొమ్మలు టీషర్టుల మీద అచ్చెయ్యడం మొదలైన కొత్త వ్యాపారాలు చూస్తుంటే నాకు కష్టంగా ఉంటుంది. వపా, శంకర్ లాంటివాళ్ళు జీవితాంతం కూర్చుని వేసిన బొమ్మలవి.

డబ్బు లావాదేవీ ఇప్పుడు చాలావరకు వాట్సాప్, ఫేస్‌బుక్ గ్రూపుల్లోనే నడుస్తుంది. ఫొటో ఎక్కడి నుంచైనా తీసుకోవచ్చు కాబట్టి, ఆ రోజు తారీఖు రాసిన కాగితం పక్కన పెట్టి మళ్ళీ ఫొటో తియ్యమని అడగండి. నిజంగా దగ్గర ఉన్నవాళ్ళు రెండు నిమిషాల్లో పంపుతారు. ఎవరో పదివేలు అని పెట్టారని మీ దగ్గరున్నది పదివేలు కాదు. అడిగిన ధర వేరు, చేతులు మారిన ధర వేరు. రెండోది తెలియాలంటే కొన్ని నెలలు ఏమీ కొనకుండా గమనించాలి. ఆ కొన్ని నెలలు ఆగలేకపోవడం వల్ల మొదటి ఏడాది నేను పెట్టిన డబ్బుతో తర్వాత మూడేళ్ళు కొనేవాణ్ణి.

తర్వాత ఎవరికి?

నాకు దొరికిన మంచి బైండులన్నీ ఒక చావు తర్వాత బయటికి వచ్చినవే. ఇంటి పెద్దాయన పోతారు, పిల్లలు వేరే ఊళ్ళలోనో వేరే దేశాల్లోనో ఉంటారు, ఇల్లు ఖాళీ చెయ్యడానికి నాలుగు రోజులే సెలవు దొరుకుతుంది. పాత పేపర్లు కొనేవాళ్ళు వస్తారు, కిలోల లెక్కన తూకం వేస్తారు. వాళ్ళు ఫుట్‌పాత్ వ్యాపారికి అమ్మితే మన అదృష్టం, లేకపోతే గుజ్జు మిల్లుకు పోతాయి. పిల్లలకు ప్రేమ లేక కాదు. ఆ కట్టల్లో ఏముందో వాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

కాబట్టి సేకరించేవాళ్ళు ఒక రిజిస్టరు రాయాలి. సంచిక, నెల, సంవత్సరం, ఎక్కడ కొన్నాం, ఎంతకు కొన్నాం, ఏ పేజీలు లేవు. ఇవి ఎవరికి ఇవ్వాలో కూడా అందులోనే రాయాలి. వేటపాలెంలోని సారస్వత నికేతనం గ్రంథాలయం 1918 నుంచి పాత పత్రికలు దాస్తోంది. హైదరాబాద్‌లో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉంది, 1901లో పెట్టిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం ఉంది. ఇచ్చే ముందు వెళ్ళి అడగాలి, వాళ్ళ దగ్గర ఏ సంవత్సరాలు లేవో కనుక్కోవాలి. ఉన్నవే మళ్ళీ ఇస్తే వాళ్ళకు చోటు బరువు. లేని ఒక్క సంచిక ఇస్తే ఒక వరస పూర్తవుతుంది.

ఆ 1962 బైండు లోపలి మొదటి కాగితం మీద పెన్సిల్‌తో ఒక పిల్లవాడి పేరు, కింద "7వ తరగతి" అని ఉంది. ఆ కిందే ఇంకో చేతిరాతలో, సిరాతో, అదే ఇంటిపేరు గల అమ్మాయి పేరు, "5వ తరగతి". మా అమ్మాయి ఆ పేజీ చూసి తన పేరు రాయనా అని అడిగింది. పెన్సిల్‌తో అయితే రాయమన్నాను.